దాత పేరు, తేదీ

మాఘమాసపు ఆ శనివారం ఉదయం చక్రపాణిగారు స్నానసంధ్యలు ముగించుకొని, నుదుటి గంధం ఇంకా ఆరకముందే, కూతురి వంటింటి బల్ల మీద ఐదు ఖాళీ పాల డబ్బాలను బారుగా నిలబెట్టారు. గ్యాలను పాలు పట్టే తెల్లని ప్లాస్టిక్ డబ్బాలవి. ఆ రోజుకు ఆయన సంకల్పం చాలా చిన్నది. మధ్యాహ్న భోజనంలోగా వాటిని నడుముకు కోసి, అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి, విత్తనాలు చల్లి, మళ్ళీ టేపుతో మూసి ఆరుబయట మంచులో పెట్టి రావడం.

"మంచులో గింజలేంటి నాన్నా? చచ్చిపోవూ?" అంది పూజిత, కారు తాళాల కోసం వెతుక్కుంటూ.

"చావవమ్మా. లైబ్రరీలో ఆవిడ చెప్పింది కదా. చలికి బిగుసుకుంటాయి, ఎండకి వదులవుతాయి. వాటి కాలం వచ్చినప్పుడు అవే లేస్తాయి. డబ్బా వాటికి గొడుగు, అంతే."

"సరే. కానీ వెనకాల పెట్టండి, ప్లీజ్. ముందు లాన్‌లో పెడితే ట్రాష్ పడేశామనుకుంటారు."

"వెనకాల ఎండ రాదు. పైగా జింకలొస్తాయి."

పూజితకు వాదించే వ్యవధి లేదు. శనివారమైనా ఆఫీసులో ఏదో రిలీజు ఉన్నది. అల్లుడు రవికాంత్ ప్రాజెక్టు పని మీద టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటూ నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చి పోతుంటాడు. మిగిలింది పదేళ్ళ మనవరాలు దియ. అదీ వారాంతంలోనే తాతకు దక్కుతుంది.

పిస్కాటవేలోని ఆ ఇంట్లో చక్రపాణిగారికి లోటంటూ లేదు. వేడినీళ్ళున్నాయి, పూజగది ఉన్నది, మెత్తని కుర్చీ ఉన్నది. లేనిదల్లా ఆ కుర్చీకి ఎదురుగా ఇంకొక మనిషి. పగటిపూట ఆ ఇంటి గంట మోగేది పార్సెళ్ళు వచ్చినప్పుడే. ఆయన లేచి, శాలువ సర్దుకొని, తలుపు దాకా నడిచేలోపు, ఎక్కడో ఆఫీసులో కూర్చున్న పూజిత తన ఫోనులోంచి ఆ గంట నోటనే "జస్ట్ లీవ్ ఇట్ దేర్, థాంక్యూ" అని పలికేది. ఆయన తలుపు తీసేసరికి గడపలో పెట్టె ఉండేది, మనిషి ఉండేవాడు కాడు. గంట మోగాలి, తాను తలుపు తీయాలి, అవతల ఒక ముఖం ఉండాలి. పరాయి దేశంలో ఆ వృద్ధుడు దేవుణ్ణి కోరుకున్నది ఈ ఒక్కటే.

ఆయన భార్య మీనాక్షమ్మ కాలం చేసి రెండేళ్ళయింది. ఏడాది కర్మలన్నీ తీర్చుకొని ఆయన ఇక్కడికి చేరారు. ఇక్కడివారెవరూ ఆవిడను చూసినవారు కారు గనుక ఎవరూ ఆవిడ గురించి అడగలేదు. అడగనిదే చెప్పుకునే అలవాటు ఆయనకు లేదు.

విత్తనాలను, డబ్బాలను గుడికి వచ్చే తెలుగు ఆడవారు ఇచ్చారు. జయంతి, విజయశ్రీ, కృష్ణవేణి తలొక కాగితం పొట్లమూ తలొక ఖాళీ డబ్బా తెచ్చి ఇస్తే, యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్న కృతి అనే అమ్మాయి తన గది కిటికీలో పెంచిన మొక్క గింజలు ఇచ్చింది. ఐదవ డబ్బా మిగిలిపోయింది. చక్రపాణిగారు కాసేపు ఆలోచించి, పోపుల డబ్బా తెరిచి, గుప్పెడు మెంతులు తీసి అందులో చల్లారు.

"తాతా, ఇప్పుడు లేబుల్స్!" అంటూ దియ నల్లని మార్కరు తెచ్చింది. "ప్రతి దానికీ సీడ్ నేమ్ రాయాలి. వీడియోలో చెప్పారు."

ఇక్కడే కథ దారి తప్పింది. చక్రపాణిగారు దేవాదాయ శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైనవారు. ఆ ఉద్యోగంలో ఆయన నమ్మి ఆచరించిన ధర్మం ఒక్కటే. ఇచ్చిన వస్తువేదైనా దాని మీద ఇచ్చినవారి పేరు, ఇచ్చిన తేదీ ఉండి తీరాలి. ఆయన హయాంలో గుడి మెట్లు, గంటలు, పంకాలు, పులిహోర గంగాళాలు అన్నీ పేర్లు మోశాయి. ఒక మండపంలో ట్యూబులైట్ల మీద దాతల పేర్లు ఎంత పెద్దగా రాయించారంటే, వెలుగు ఆ అక్షరాలను దాటి కిందికి దిగలేక, భక్తులు తడుముకుంటూ ప్రదక్షిణ చేసేవారు.

"గింజ పేరు మొక్క తానే చెబుతుందమ్మా. ఇచ్చినవారి పేరు మనం చెప్పాలి. రాయి, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో."

దియ పెద్ద పెద్ద అక్షరాలతో జయంతి, విజయశ్రీ, కృష్ణవేణి, కృతి అని రాసింది. ప్రతి పేరు కిందా ఆ నాటి తేదీ వేసింది. 'దాత' అన్న మాటకు డబ్బా మీద చోటు చాలలేదు.

"లాస్ట్ వన్ ఎవరిది తాతా?"

"మీ అమ్మమ్మది. మీనాక్షి అని రాయి."

"కానీ ఈ మెంతులు అమ్మ ఇండియన్ స్టోర్‌లో కొనింది!"

"పోపుల డబ్బా ఎవరిది?"

"అమ్మమ్మది."

"డబ్బా ఇచ్చినవారే దాత. రాయి."

మధ్యాహ్నానికి ఐదు డబ్బాలూ ముందు వాకిట దక్షిణపు ఎండకు బారుగా నిలిచాయి. సోమవారం రాత్రి మంచు కురిసి వాటిని మెడల దాకా ముంచింది.

బుధవారం ఉదయం చక్రపాణిగారు రెండు స్వెట్టర్లు తొడుక్కొని, డబ్బాల మీది మంచును చేత్తో తుడుస్తున్నారు. పక్కింటి మిసెస్ కొవాల్స్కీ కుక్కను తిప్పుతూ అటువైపు వచ్చింది. డెబ్బై దాటిన వితంతువు, నిత్యం చర్చికి వెళ్ళే మనిషి. అప్పటిదాకా వారిద్దరి పరిచయం దూరం నుంచి చేయి ఊపడం వరకే. ఆ రోజు ఆవిడ ఆగింది. మంచులో బారుగా నిలిచిన తెల్లని డబ్బాలను, వాటి మీది ఆడవారి పేర్లను, అన్నింటి కిందా ఉన్న ఒకే తేదీని చదివింది. కుక్క గొలుసు పట్టుకున్న చేయి గుండె మీదికి వెళ్ళింది.

ఆవిడ అలా తల్లడిల్లడానికి కారణం ఉన్నది. వారి చర్చిలో ఏటా క్రిస్మస్‌కు, పోయినవారి పేరున తలొక పాల డబ్బాలో ఇసుక పోసి, కొవ్వొత్తి నిలిపి, వాకిట వెలిగిస్తారు. చక్రపాణిగారికి ఈ సంగతి తెలియదు. ఇంగ్లీషులో సాగిన వారి మాటలు ఇలా ఉన్నాయి.

"మిస్టర్ చక్రపాణి, నాకు తెలియనే తెలియదు. ఇవాళే చూశాను. మేం కూడా ఇలాగే పెడతాం. పాల డబ్బాల్లోనే. ఒక్కొక్కరి పేరున ఒక్కొక్కటి."

"మీరు కూడానా!" చక్రపాణిగారి ముఖం వికసించింది. దాతల పేర్లు రాసే జాతి భూగోళానికి ఇటువైపు కూడా ఉన్నందుకు ఆయన పొంగిపోయారు.

"అందరూ... ఒకే రోజా?"

"ఒకే రోజు. శనివారం. మధ్యాహ్నంలోగా అయిపోయింది."

"అయ్యో దేవుడా! మీరక్కడే ఉన్నారా?"

"ఉండటమేమిటి, నా చేతులతో నేనే మట్టిలో పెట్టాను. మనవరాలు పక్కనే ఉంది."

"పాపం, పసిపిల్ల!"

"అదేం భయపడలేదు. నీళ్ళు కూడా అదే పోసింది."

మిసెస్ కొవాల్స్కీ చేతి తొడుగుతో కళ్ళు ఒత్తుకుంది. "మీరెలా తట్టుకుంటున్నారు?"

ఆయనకు ఆ కన్నీరు చలిగాలి వల్ల అనిపించింది. "తట్టుకోవడమే కదా మన పని. వసంతం రానివ్వండి, వీళ్ళంతా లేస్తారు. అందరూ అని మాట ఇవ్వలేను. జయంతిగారి మీద నాకంత నమ్మకం లేదు. కృతి మాత్రం తప్పకుండా లేస్తుంది."

పోయినవారు తిరిగి లేస్తారన్న ఇంత దృఢమైన పునరుత్థాన విశ్వాసం ఆవిడ తన చర్చిలో కూడా ఎరుగదు. ముందుకు వచ్చి ఆయనను గట్టిగా హత్తుకుంది. ఆయన కొయ్యబారిపోయారు. తరవాత చాలాసేపటి వరకు, ఆ మంచులో ఆయనకు చలి తెలియలేదు.

గురువారం గంట మోగింది. పూజిత ఆ రోజంతా మీటింగుల్లో ఉండి ఫోను నోరు నొక్కిపెట్టినందువల్ల గంట మాట్లాడలేదు. చక్రపాణిగారు శాలువ సర్దుకొని, నడిచి, తలుపు తీస్తే ఎదురుగా మనిషి ఉన్నది! మిసెస్ కొవాల్స్కీ, చేతుల్లో చీజు వేసి కాల్చిన మాకరోనీ పళ్ళెం. "మీరు మాంసం తినరని తెలుసు. చీజు మాత్రమే వేశాను." ఆవిడ వెనకనే ఎదురింటి దంపతులు పూలగుత్తితో, మూలయింటి పెద్దాయన కేకుతో వచ్చారు. అందరూ మెల్లగా మాట్లాడారు. ఆయన చేయి పట్టుకున్నారు. కుర్చీలలో కూర్చున్నారు. ఆయన ఫిల్టరు కాఫీ కలిపి ఇచ్చి, శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా తాను తనిఖీ చేసిన దేవాలయాల ముచ్చట్లు చెప్పారు. దుఃఖంలో మనిషి ఏదేదో మాట్లాడతాడని వారు తలలూపుతూ ఓపికగా విన్నారు. విత్తనం నాటినవాడిని ఊరంతా వచ్చి పలకరించడం ఈ దేశపు ఆచారం కాబోలు, ఎంత వ్యవసాయ సంస్కారం అని ఆయన అబ్బురపడ్డారు.

వారు వెళ్ళాక తన ధర్మం మరువలేదు. పళ్ళేల మీద కప్పిన అల్యూమినియం రేకులపై నల్లని మార్కరుతో ఇచ్చినవారి పేరు, తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టారు. సాయంకాలం అలసివచ్చిన పూజిత ఫ్రిజ్ తెరిచి, "ఎవరివి నాన్నా ఇవి?" అని అడిగి, "పక్కవాళ్ళు ఇచ్చారమ్మా, మంచివాళ్ళు" అన్న జవాబు సగమే విని నిద్రకు ఒరిగింది.

శుక్రవారం చీకటి పడే వేళకు మిసెస్ కొవాల్స్కీ గాజు గ్లాసులలో ఐదు కొవ్వొత్తులు తెచ్చి, ఒక్కొక్క డబ్బా ముందూ ఒక్కొక్కటి పెట్టి వెలిగించింది. మొక్కకు దీపం పెట్టడం తులసికోట ఎరిగిన మనిషికి వింత కాదు. ఆయన చేతులు జోడించి నిలబడ్డారు. అప్పుడు ఆవిడ తల వంచి, ఒక్కొక్క పేరూ తడబడుతూ చదివి, "ప్రభువా, మరణించిన ఈ ఐదుగురికీ నీ దగ్గర విశ్రాంతినివ్వు" అంది.

చక్రపాణిగారి జోడించిన చేతులు జోడించినట్టే ఉండిపోయాయి. వారం రోజుల సంగతులన్నీ ఆయన కళ్ళ ముందు తిరగబడి నిలిచాయి. మాకరోనీ, పూలు, కేకు, ఆ కౌగిలింత. వచ్చినవారందరూ కర్మకు వచ్చినవారు! బతికి ఉన్న నలుగురు ఆడవారిని ఆయన తన వాకిట చంపి పూడ్చారు. ఉన్నదున్నట్టు చెప్పివేయాలని ఆవిడను లోపలికి పిలిచారు. కుక్కకు తిండి పెట్టి వస్తానని ఇంటికి వెళ్ళిన ఆవిడ గంటన్నర తరవాత వచ్చింది.

ఆవిడ వంటింట్లో కుర్చీ లాక్కొని, ఆయనకు ఎదురుగా కూర్చుంది. "మా ఆయన పోయినప్పుడు మొదటి వారం ఇల్లంతా మనుషులు. రెండో వారానికి ఒక్కరూ లేరు. అప్పటి నుంచి నాతో కూర్చొని కాఫీ తాగినవాళ్ళే లేరు. అందుకే, మీ విషయంలో అలా జరగనివ్వనని అనుకున్నాను. నేను రోజూ వస్తాను, మిస్టర్ చక్రపాణి."

రోజూ! సత్యం చెప్పవలసిన నాలుక ఒక్క క్షణం ఆగి, "కాఫీలో పాలు ఎక్కువ వేయమంటారా?" అని అడిగింది. జీవితంలో దేవుని సొమ్ము చిల్లిగవ్వ ముట్టని ఆ మనిషి, చచ్చిపోని నలుగురి చావును ఒక్క పూట వాడుకున్నారు. రేపు చెబుదామనుకున్నారు.

"పాలు నేను తీస్తాను, మీరు కూర్చోండి" అంటూ మిసెస్ కొవాల్స్కీ ఫ్రిజ్ తెరిచింది. తెరిచి, అలాగే నిలిచిపోయింది. మధ్య అరలో తన పళ్ళెం. దాని మీద, వాకిట డబ్బాల మీద ఉన్నట్టే, అదే నల్లని మార్కరుతో తన పేరు. కింద నిన్నటి తేదీ.

"మిస్టర్ చక్రపాణి," అంది ఆవిడ సన్నని గొంతుతో, "నేనెప్పుడు పోయాను?"

ఆయన నోరు తెరిచేలోపు గంట మోగింది. గంట ఆగకుండా మోగింది.

జరిగిందేమిటంటే, శుక్రవారపు కుంకుమార్చనకు గుడికి వెళుతున్న స్రవంతి అనే ఆవిడ ఆ వాకిట దీపాలను, పేర్లను చూసి, కారు ఆపి ఫోటో తీసి, తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. "నలుగురూ మన గుడివాళ్ళే! మీనాక్షి అంటే ఎవరో తెలియదు. ఒకే రోజు ఎలా? నమ్మలేకపోతున్నా" అని రాసింది. జయంతి జ్వరం వచ్చి కిందటి వారం గుడికి రాలేదు. అంతకన్న రుజువు ఎవరికి కావాలి? ఓం శాంతి అన్న మాటలు మంచుకన్న దట్టంగా కురిశాయి. ఎవరో జయంతి ఫోటోకు దండ కూడా వేశారు.

చక్రపాణిగారు తలుపు తీశారు. దండ వేయించుకున్న మనిషే గడపలో నిలబడి ఉన్నది.

"బాబాయిగారూ! గోంగూర గింజలడిగితే ఇచ్చాను. ఇచ్చిన పాపానికి నాకు దినం పెడతారా?"

వెనక నుంచి విజయశ్రీ అందుకుంది. "మా అత్తమ్మ కరీంనగర్ల శోకాలు పెడుతున్నది బాబాయ్! నేనే ఫోన్ జేసి బతికే ఉన్న అంటే, దయ్యం మాట్లాడుతున్నదని కట్ జేసింది."

"మీ అత్తగారు ఏడ్చింది, నయం," అంది కృష్ణవేణి. "మా ఆయన మెసేజ్ చదవకుండా థంబ్స్ అప్ పెట్టాడు."

"అంకుల్, ప్లీజ్," అని కృతి ఫోను ఆయన ముఖానికి అడ్డం పెట్టింది. "మా మమ్మీ వీడియో కాల్‌లో ఉంది. నేను బానే ఉన్నానని మీరొకసారి చెప్పండి. నేను చెప్తే నమ్మట్లేదు."

"అన్నిటికన్నా ఆ ఫోటో!" జయంతి కోపం ఇంకా చల్లారలేదు. "చచ్చిపోతే పెట్టడానికి నా పట్టుచీర ఫోటో ఒక్కటైనా దొరకలేదా మీకు?"

ఈ కలకలానికి మిసెస్ కొవాల్స్కీ గోడ పట్టుకొని ముందు గదిలోకి వచ్చింది. "మీరు..." అంది జయంతిని చూసి.

"జయంతి. అయామ్ జయంతి. ఫుల్లీ అలైవ్!"

మిసెస్ కొవాల్స్కీ శిలువ గుర్తు వేసుకొని సోఫాలో కూలబడింది. "వసంతం దాకా ఆగలేదే!"

అప్పుడు చక్రపాణిగారు చేతులు కట్టుకొని, తనిఖీ అధికారి ముందు నిలిచిన గుమాస్తా మాదిరిగా, ట్యూబులైట్ల నుంచి మొదలుపెట్టి మాకరోనీ దాకా అన్నీ, మిసెస్ కొవాల్స్కీకి కూడా తెలిసేలా ఇంగ్లీషులో చెప్పారు. ఒక పూట సత్యాన్ని దాచిన సంగతి కూడా దాచలేదు. మొదట కృష్ణవేణి నవ్వింది. తరవాత విజయశ్రీ. ఆఖరుకు జయంతి కూడా, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ఒగరుస్తూ నవ్వింది. గ్రూపు చూసి ఆఫీసు నుంచి పరుగున వచ్చిన పూజిత, తలుపు దగ్గర బూట్లతోనే నిలబడి, "నాన్నా! అందుకే కదా నేను వెనకాల పెట్టమన్నది!" అని అరిచింది.

మిసెస్ కొవాల్స్కీ మాత్రం నవ్వలేదు. ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతున్నది. "జయంతి. విజయశ్రీ. కృష్ణవేణి. కృతి." ఐదవ వేలు దగ్గర ఆగి తల ఎత్తింది. "మీనాక్షి రాలేదా?"

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"రాదు," అన్నారు చక్రపాణిగారు. "ఆవిడ ఒక్కతి మాత్రం నిజమే."

పూజిత బూట్లు విప్పడం మానేసి గోడకు ఆనుకుంది. జయంతి ఆయన దగ్గరికి వచ్చింది. "పిన్నిగారా? ఎప్పుడు బాబాయిగారూ?"

"రెండేళ్ళయింది."

"ఇన్నాళ్ళుగా గుడిలో కలుస్తున్నాం. ఒక్క మాట చెప్పలేదే!"

"ఎవరూ అడగలేదమ్మా." ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఏ గుడి ఏ తాలూకాలో ఉన్నదో చెప్పినట్టు చెప్పారు.

జయంతి ఏమనుకున్నదో, ఆయన కుర్చీ పక్కన నేల మీదే చతికిలబడింది. "ఇప్పుడు అడుగుతున్నా. ఎలా ఉండేవారు మా పిన్నిగారు?"

ఆయన చెప్పారు. ఆవిడ పోపు వేస్తే వీధి చివరి దాకా తెలిసేదని చెప్పారు. తాను తనిఖీలకు వెళితే ఒంటరిగా పది రోజులుండి, తిరిగి వచ్చాక ఒక్క మాట అనేది కాదని చెప్పారు. ఆ పది రోజులు పగలంతా ఎవరితో మాట్లాడేదో తాను ఏనాడూ అడగలేదని చెప్పి, అక్కడ ఆగిపోయారు. మిసెస్ కొవాల్స్కీకి తెలుగు రాదు, అయినా మొదటి నుంచి చివరి దాకా విన్నది. వెళ్ళేటప్పుడు ఆ ఆడవారు వాకిట తమ తమ పేర్ల ముందున్న కొవ్వొత్తులను తామే ఊది ఆర్పుకున్నారు. ఐదవ దానిని ఎవరూ ముట్టలేదు.

మంచు కరిగింది. అన్నింటికన్న ముందు మెంతులు లేచాయి. తక్కిన నాలుగు డబ్బాలలోనూ ఏవో లేచాయి గాని, ఏవో ఎవరికీ తెలియలేదు. "సీడ్ నేమ్ రాయమని నేను చెప్పానా లేదా తాతా?" అని దియ నడుము మీద చేతులు పెట్టుకుంది. జయంతి గోంగూర ఇచ్చానంటుంది. ఆవిడ డబ్బాలో వచ్చినది తోటకూర అని కృష్ణవేణి అంటుంది. తోటకూర తనదని, తన పొట్లం మార్చారని విజయశ్రీ అంటుంది. ఇంకో రెండు ఆకులు వస్తే గాని తేలదని వారానికొకసారి వచ్చి చూసి, కాఫీ తాగి, తేల్చకుండానే వెళతారు. పగలు గంట మోగితే పూజిత ఇప్పుడు ఫోను తీసి చూడటం లేదు.

మొదటి కోత మెంతికూరతో చక్రపాణిగారు స్వయంగా పప్పు వండి, మిసెస్ కొవాల్స్కీని భోజనానికి పిలిచారు. చేదుగా ఉందని దాత మొహం చూసి చెప్పలేక, ఆవిడ రెండోసారి వడ్డించుకుంది.